చెవుల సారు

పురపాలక కార్యాలయం రెండో అంతస్తులో చివరి గది ఆయనది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, హాజరు పట్టీలో తప్ప అది ఇంకెక్కడా బతికిలేదు. అందరికీ ఆయన చెవుల సారు. చెవులు పెద్దవనుకునేరు. మామూలు చెవులే, ఎడమదాని మీద చిన్న పుట్టుమచ్చ తప్ప వాటి గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. ఆయన ఉద్యోగమే చెవులతో చేసేది. ఊళ్ళో ఎవరికైనా పక్కవాళ్ళ చప్పుడు పడకపోతే, చేసేవాళ్ళనీ పడలేనివాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టి, ఇద్దరి మాటా విని, ఇద్దరూ ఒప్పుకునే దారి ఒకటి వెతికిపెట్టాలి. రంపపు మిల్లులు, కుక్కలు, పై అంతస్తులో బల్లలు ఈడ్చేవాళ్ళు, ఇలా అన్ని రకాల తగాదాలూ వచ్చేవి. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేవి పాటల పబ్బులవి. పాత బజారులో అలాంటి పబ్బులు వరసగా ఉండేవి. రికార్డులు పెట్టడం కాదు, మనుషులే స్టేజి ఎక్కి పాడతారు, వాయిస్తారు. వాటి వెనకే ఇళ్ళు. మధ్యలో చెవుల సారు.

ఆయన గదిలో బల్ల గుండ్రంగా ఉంటుంది. నలుపలకల బల్లయితే జనం అటు ఒకరు ఇటు ఒకరు కూర్చుని యుద్ధానికి దిగుతున్నారని ఆయనే పట్టుబట్టి వేయించుకున్నాడు. నీళ్ళ కూజా పక్కన కాగితం కప్పులు పెడతాడు. ఒకప్పుడు గాజు గ్లాసులే ఉండేవి. సాక్సఫోన్ వాయించే ఒకాయనకీ పళ్ళ డాక్టరుకీ మాటా మాటా పెరిగిన రోజున వాటి ఆయుష్షు తీరిపోయింది.

ఆఫీసులో ఇన్ని గొంతుల మధ్య కూర్చునే మనిషికి ఇంట్లో కావలసింది కాస్త నిశ్శబ్దమే అనుకుంటాం. ఆయనా చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. అక్కా చేసుకోలేదు. అమ్మా నాన్నా పోయాక ఇద్దరూ అదే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ గడిపేశారు. అక్క నోరు మూసుకుని ఉండే రకం కాదు. పొద్దున పళ్ళు తోముకుంటూ మొదలుపెడితే రాత్రి దుప్పటి ముసుగేసేదాకా మాటే. పేపరు పైకి చదివేది. ఉల్లిపాయలు తరుగుతూ ఉల్లిపాయల్ని తిట్టేది. రేడియోలో వార్తలు చదివేవాడికి జవాబు చెప్పేది.

"ఊరందరి చప్పుళ్ళూ తగ్గిస్తున్నాను గానీ మనింట్లోది తగ్గించలేకపోతున్నానే అక్కా" అని ఆయన అంటే, "నా మీద ఫిర్యాదు పెట్టుకో. విచారణకి నువ్వే వద్దువుగాని, టీ ఇస్తాను" అనేది.

అలాంటి అక్క అరవై దాటాక పెళ్ళి చేసుకుంది. కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి కూర్చోబెట్టినప్పుడు పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషితో మాట కలిపింది. పడవల ఇంజన్లు బాగుచేసి రిటైరైనాయన. భార్య పోయి చాలా కాలమైంది. "ఇద్దరికీ కళ్ళు మసకగా ఉన్నాయి కాబట్టి కుదిరింది సంబంధం" అని అక్కే నవ్వేది. బావగారి ఇల్లు దూరంగా సముద్రం ఒడ్డున. తమ్ముడు ఆమె పెట్టెలు రైల్లో సర్ది, కిటికీ దగ్గర నిలబడి, రైలు కదిలేదాకా ఆమె చెప్పిన జాగ్రత్తలన్నిటికీ తలూపి, ఇంటికొచ్చి తాళం తీశాడు. లోపల ఫ్రిజ్ మోగుతోంది. ఇన్నేళ్ళుగా తమ ఫ్రిజ్‌కి మోత ఉందన్న సంగతి ఆయనకి తెలియదు.

ఆ రోజు నుంచి ఆయనకి ఇంటికి వెళ్ళబుద్ధయ్యేది కాదు. చూసిన ఫైలే మళ్ళీ చూస్తూ, స్వీపరు లైట్లు ఆర్పడానికి వచ్చేదాకా ఆఫీసులోనే ఉండేవాడు. ఇంట్లో రేడియో పెట్టేవాడు. వార్తలకి ఎదురు మాట్లాడేవాళ్ళు లేకపోవడంతో ఆ చదివేవాడు కూడా ఎవరూ లేని గదిలో మాట్లాడుతున్నట్టుండేవాడు. అక్క ఆదివారాలు ఫోన్ చేసేది. ఆమె చెప్పుకుంటూ పోయేది, ఆయన ఊఁ కొట్టేవాడు. ఫోన్ పెట్టేశాక చెవి వేడిగా ఉండేది. ఆ వేడి తగ్గేసరికి మళ్ళీ సోమవారం కోసం ఎదురుచూపు మొదలయ్యేది.

ఆ చలికాలంలోనే బేకరీ ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, ముంజేతుల మీద ఓవెను కాల్చిన మచ్చలు, కోటు మీద ఎంత దులుపుకున్నా పోని పిండి. కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"సార్, నేను తెల్లవారకముందే లేచి పిండి కలపాలి. ఎనిమిదింటికల్లా పడుకుంటే తప్ప కుదరదు. మా గోడ అవతల పబ్బువాళ్ళు సరిగ్గా ఎనిమిదింటికే మొదలుపెడతారు. నిద్రలేక మొన్న పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆ బ్రెడ్డు తిన్నవాళ్ళంతా నన్ను తిట్టారు గానీ పబ్బుని ఒక్కరూ తిట్టలేదు."

భర్త సరుకు ఓడల మీద పనిచేస్తాడట, ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ మీదే. ఇంట్లో తనూ అత్తగారూ. పబ్బు వెనకగోడే వాళ్ళ పడకగది గోడ. వాళ్ళ గుమ్మం మాత్రం వెనక సందులోకి ఉంటుంది.

ఆ పబ్బు యజమానిని కూడా పిలిపించాడు. అతను ఒకప్పుడు డ్రమ్ములు వాయించినవాడు. నడుం పట్టేశాక స్టేజి దిగి, తను వాయించిన పబ్బునే కొనుక్కున్నాడు. నెరిసిన జుట్టు వెనక్కి దువ్వి రబ్బరు బ్యాండు వేసుకుంటాడు. వేళ్ళు ఒకచోట ఉండవు. గుండ్రబల్ల దగ్గర కూర్చున్నంతసేపూ బల్ల అంచు మీద ఏదో వాయిస్తూనే ఉన్నాడు.

"పబ్బు ఎప్పట్నుంచి ఉందో మీకు తెలుసా మేడమ్? మీరు మొన్న మొన్న వచ్చారు" అన్నాడు.

"మేం ఇల్లు తీసుకున్నప్పుడు అక్కడ ఒక పెద్దాయన పియానో వాయించేవాడు. ఆయన వాయిస్తుంటే నాకు హాయిగా నిద్రపట్టేది. ఆయన్ని ఏం చేశారు?"

"ఆయన పోయారండీ."

ఆవిడ గొంతు తగ్గించింది. "అయ్యో పాపం. అయితే మాత్రం, ఆయన బదులు ఇంత గోలా?"

"గోల కాదండీ, బ్యాండు."

"మా మంచానికి ఆ తేడా తెలియట్లేదు."

"మీ మంచం సంగతి సరే. మొన్న నా బోర్డు మీద ఎవరో గుడ్లు కొట్టారు. ఎవరు కొట్టారని నేను అడగను."

"నన్నే అంటున్నారా? నేను గుడ్లు పారేసుకునే మనిషిలా కనిపిస్తున్నానా? అవి నాకు సరుకండీ. కొట్టాలనుకుంటే మాడిన బ్రెడ్డుతో కొడతాను, దెబ్బ కూడా గట్టిగా తగులుతుంది."

యజమానికి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని మింగేసి మొహం ముడుచుకున్నాడు గానీ చెవుల సారు అది చూడనే చూశాడు. ఇంక ఆ రోజుకి అక్కడితో ఆపి, "ముందు నేను వచ్చి వింటాను" అన్నాడు.

ఆయన పద్ధతి అది. చప్పుడు కొలిచే మీటరు ఒకటి ఆఫీసువాళ్ళు ఇచ్చారు. దాన్ని తీసుకెళ్ళేవాడు, అంకె రాసుకునేవాడు. కానీ ఫిర్యాదు చేసిన మనిషి ఎక్కడ పడుకుంటాడో అక్కడ కూర్చుని, ఆ చప్పుడు తన మీదకి వస్తే ఎలా ఉంటుందో చూసుకుంటే తప్ప ఆయనకి మాట్లాడ్డానికి మాట దొరికేది కాదు.

సాయంత్రం ఆ పడకగదిలో మంచం పక్కన కుర్చీ వేశారు. అత్తగారు, ఎనభై దగ్గర పడిన పెద్దావిడ, శాలువా కప్పుకుని మంచం మీద కూర్చుంది. ఆవిడకి చెవులు బొత్తిగా వినిపించవు. అయినా ఫిర్యాదు కోడలి కన్నా ఆవిడదే ఎక్కువ.

"గుండె నాదో, డ్రమ్ము వాళ్ళదో తెలియట్లేదు బాబూ. ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టి చూడు."

ఆయన మంచం పట్టె మీద చెయ్యి పెట్టాడు. కొయ్య లోపలి నుంచి ఎవరో వేలితో పొడుస్తున్నట్టు దడ్, దడ్ అని అరచేతికి తగిలింది. మీటరు చూస్తే అంకె హద్దు దాటలేదు. గోడకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. పాట వినిపించలేదు. మాట లేదు, రాగం లేదు. కింద ఉండే ఆ దెబ్బ ఒక్కటే గోడ దాటి వస్తోంది.

పెద్దావిడ ఊరుకోలేదు. ఆయనకి టీ పోసి, ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగింది. ఎవరూ లేరన్నాడు. వినిపించలేదు. ఆయన గొంతు పెంచాడు. అయినా వినిపించలేదు. చివరికి ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, అక్క ఉండేదనీ, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందనీ అరిచి చెప్పాడు. సందులో పోతున్న ఎవరో ఆగి కిటికీ వంక చూశారు. వంటింట్లోంచి కోడలు తొంగిచూసి, "సార్, ఏమీ అనుకోకండి. నేను కాసేపు కన్ను మూద్దామనుకుంటున్నాను" అంది. చెవుల సారుకి చెవులు ఎర్రబడ్డాయి.

ఇంకో సాయంత్రం కూడా వెళ్ళాడు, వేరే బ్యాండు ఎలా ఉందో వినాలని. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళాడు. ఆ మూడోసారి అవసరం లేదని ఆయనకి తెలుసు. కోడలు తలుపు తీస్తే, పెద్దావిడ మంచం మీద నుంచే, "వచ్చావా, నీ కుర్చీ అక్కడే ఉంచాను" అంది. ఆ మాట ఆయన మనసులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. ఆ రాత్రి ఫ్రిజ్ మోత అంతగా పట్టించుకోలేదు.

పబ్బుకి పట్టపగలు వెళ్ళాడు. కుర్చీలన్నీ కాళ్ళు పైకెత్తుకుని బల్లల మీద ఉన్నాయి. నేల తడిగా ఉంది. స్టేజి వెనకగోడకి అంటించి కట్టారు. డ్రమ్ములున్న చెక్క నేరుగా ఆ గోడకి ఆనుకుని ఉంది. అంటే ఇక్కడ దెబ్బ పడితే అక్కడ పెద్దావిడ గుండెలో పడుతోందన్నమాట. ఆ మాట చెబితే యజమాని స్టూలు మీద కూలబడ్డాడు.

"నేను మాత్రం ఏం చెయ్యను సార్? పాడే అమ్మాయి పగలంతా చెప్పుల షాపులో జనం కాళ్ళ దగ్గర కూర్చుని పనిచేస్తుంది. ఈ కాసిన్ని గంటలే ఆమె తలెత్తుకుని నిలబడేది. తగ్గించి వాయించమంటే జనం లేచి పక్క పబ్బుకి పోతారు. ఆవిడేమో మమ్మల్ని రాక్షసుల్ని చూసినట్టు చూస్తుంది. ఒక్కరోజు వచ్చి వింటే తెలుస్తుంది."

"వస్తుంది. మీరు వెళ్ళి ఆవిడ మంచం మీద పడుకుంటానంటే."

యజమాని వేళ్ళు ఆగిపోయాయి. "నేనా?"

"ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా. దీపం ఆర్పి, కళ్ళు మూసుకుని. అదే వేళకి ఆవిడ ఇక్కడ మీ ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. నేను ఆవిడతో ఉంటాను."

బేకరీ ఆవిడ కూడా అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. పరాయి మగాడు తన మంచం మీద పడుకోవడమేంటంది. అత్తగారికి విషయం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తే, ఆవిడ మాత్రం వెంటనే సరేనంది. "నేను కాపలా ఉంటాలే, అతన్ని కదలనివ్వను" అంది.

అనుకున్న గురువారం వచ్చింది. యజమాని మంచి చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకి వెళ్తున్నవాడిలా సందులోకి వెళ్ళాడు. బేకరీ ఆవిడ పబ్బులో స్టేజికి ఎదురుగా, కోటు గుండీలు కూడా విప్పకుండా, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన చెవుల సారు, ఎదురుగా సోడా. బ్యాండు కుర్రాళ్ళకి సంగతి తెలుసు. ఆవిడ వంక భయంభయంగా చూస్తూ మొదలుపెట్టారు.

మొదటి పాట అయ్యేదాకా ఆవిడ రెప్ప కూడా వెయ్యలేదు. రెండో పాటలో పాడే అమ్మాయి వంక చూసి, "గొంతు బాగుంది" అని చెవుల సారు చెవిలో అంది. మూడో పాట వచ్చేసరికి కోటు గుండీ ఒకటి విప్పింది. నాలుగో పాట సగంలో ఆయన ఏదో చెబుదామని ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడ చేతులు బల్ల మీద మడిచి, తల వాటి మీద పెట్టి, నిద్రపోతోంది.

అలిగి తల దించుకుందేమోనని ముందు అనుమానం వచ్చింది. వంగి చూస్తే మంచి నిద్ర. నోరు కొంచెం తెరుచుకుంది. స్పీకరు అక్కడే, చేయి చాస్తే అందేంత దూరంలో మోగుతోంది. తెల్లవారకముందే లేచిన మనిషి, ఎన్నాళ్ళ నిద్ర బాకీయో, ఇప్పుడు పట్టింది. గోడ అవతల దెబ్బ ఒక్కటే వినిపిస్తే రాని నిద్ర, పాట మొత్తం వినిపిస్తే వచ్చేసింది.

పాడే అమ్మాయి కూడా చూసింది. పాడుతూనే వెనక్కి తిరిగి డ్రమ్ముల కుర్రాడికి కళ్ళతో చూపించింది. డ్రమ్ముల కుర్రాడు పుల్లలు పక్కన పెట్టి, సన్నటి తీగల కుచ్చులాంటివి ఉంటాయి, వాటిని తీసుకుని డ్రమ్ము మీద మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. గిటారువాడు తన స్పీకరు పెట్టె మీద మర తిప్పి మోత తగ్గించాడు. అమ్మాయి మైకు నుంచి ఒక అడుగు వెనక్కి జరిగింది. పబ్బులో మాటలు కూడా బల్ల తర్వాత బల్ల తగ్గుతూ వచ్చాయి. గ్లాసులు కడిగే మనిషి కుళాయి కట్టేసింది. జనం లేచి పోలేదు. కుర్చీలు ఎత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా ముందుకి జరుపుకున్నారు. పాట ఇప్పుడు ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నట్టుంది.

చెవుల సారు జీవితంలో ఎన్నో చప్పుళ్ళు విన్నాడు గానీ ఇంతమంది కలిసి ఒక మనిషి నిద్ర కాయడం ఎప్పుడూ చూడలేదు. చేతిలో ఉన్న సోడా గ్లాసుని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు.

అంతలో తలుపు తోసుకుని యజమాని పరిగెత్తుకొచ్చాడు. చొక్కా నలిగింది, కాళ్ళకి బూట్లు లేవు, ఒక మేజోడుకి చిల్లుంది. "ఏమైంది? ఆపేశారేంటి? ఎవరికైనా ఏమైనా..." అనబోతే నాలుగు బల్లల వాళ్ళు వేలు పెదాల మీద పెట్టి చూపించారు. అతను స్టేజి చూశాడు, బల్ల మీద తల పెట్టుకున్న ఆవిడని చూశాడు. మెల్లగా వచ్చి చెవుల సారు పక్కన కూర్చుని గుసగుసగా చెప్పాడు.

"ఒక్కసారిగా చప్పుడు లేకుండా పోయేసరికి బ్యాండులో ఎవడో పడిపోయాడనుకున్నాను సార్. అసలు అక్కడ పాటే రావట్లేదు. మొదట నా వేళ్ళు ఆడాయి. తర్వాత విసుగొచ్చింది. తర్వాత దిండు కింద తల పెట్టుకున్నాను. దిండులో కూడా అదే. పైగా ఆ కుర్రాడు తాళం తొందరపడుతున్నాడు, ఇక్కడ కూర్చుంటే తెలియదు. ఆ పెద్దావిడ మధ్యలో దుప్పటి కప్పింది. నాకు ఎవరూ దుప్పటి కప్పి ఎన్నాళ్ళయిందో."

"మరి బూట్లు?"

"మంచం కిందే ఉండిపోయాయి."

తర్వాత గుండ్రబల్ల దగ్గర పని ఎక్కువ లేకపోయింది. స్టేజి వెనకగోడ దగ్గర్నుంచి తీసి వీధి వైపు గోడకి, మధ్యలో ఖాళీ వదిలి, కింద దళసరి రబ్బరు వేసి కడతారు. గుమ్మానికి ఒక తలుపు బదులు, మధ్య చిన్న వసారాలా వదిలి రెండు తలుపులు పెడతారు. వీధి కిటికీకి రెండో అద్దం వేస్తారు. ఖాళీ సీసాలు రాత్రి కాకుండా పొద్దెక్కాక పారబోస్తారు. గురువారం మొదటి భాగం అంతా ఆ రోజు వాయించినట్టే మెత్తగా వాయిస్తారు, జనమే అది కావాలంటున్నారు కాబట్టి. ఏదైనా ఇబ్బంది ఉంటే ఆవిడ ఆఫీసుకి రాదు, నేరుగా యజమానికే ఫోన్ చేస్తుంది. ఆ చివరి షరతు రాసింది చెవుల సారే. రాస్తున్నప్పుడు దాని అర్థం ఏమిటో ఆయనకి తెలుసు.

సంతకాలయ్యాక ఇద్దరూ బన్నుల గురించి మాట్లాడుకుంటూ మెట్లు దిగారు. పబ్బులో అమ్మే బన్నులు అట్టముక్కల్లా ఉన్నాయని ఆవిడ అంటోంది. "అయితే మీరే చేసి పెట్టండి" అని అతనంటున్నాడు. ఆ నవ్వులు కింది అంతస్తు దాకా వినిపించి ఆగిపోయాయి. చెవుల సారు కాగితం కప్పులు ఏరి బుట్టలో వేసి, బల్ల తుడిచాడు.

ఆఫీసు నియమం ఒకటి ఉంది. తగాదా తీరాక ఆ ఇద్దరి ఇళ్ళకీ మధ్యవర్తి రాకపోకలు పెట్టుకోకూడదు. రేపు మళ్ళీ గొడవైతే ఒక పక్షం మనిషి అనిపించుకోకూడదని. మంచి నియమమే. కొత్తగా చేరేవాళ్ళకి ఆయనే చెప్పేవాడు. పబ్బు కొత్త స్టేజి మొదలుపెట్టిన రోజు యజమాని ఫోన్ చేసి రమ్మంటే, రాకూడదండీ అన్నాడు. కొన్నాళ్ళ తర్వాత బేకరీ ఆవిడకి తనే ఫోన్ చేశాడు, ఎలా ఉందో కనుక్కోవడం ఆయన బాధ్యతే కాబట్టి. "చప్పుడే లేదు సార్. మా అత్తయ్య కూడా నిద్రపోతోంది" అంది ఆవిడ. వెనక ఓవెను తలుపు చప్పుడు వినిపించింది. ఇంకేదైనా అంటుందేమోనని ఆగాడు. "ఉంటాను సార్, బ్రెడ్డు మాడిపోతుంది" అంది.

ఆ ఆదివారం అక్క, "ఏరా, అంత పలచగా ఉందేం గొంతు?" అంది.

"ఏం లేదక్కా. పని తీరిపోయింది."

"తీరితే మంచిదే కదా. ఇక్కడికి వచ్చెయ్యి. మీ బావ గురక పెడతారు, నీకు కాలక్షేపంగా ఉంటుంది."

"కొత్త కాపురంలో నేనెందుకే?"

"కొత్తేంటిరా, ఇద్దరికీ కలిపి ఉన్న పళ్ళు ఒక నోటికి సరిపోవు" అని అక్క నవ్వింది. ఆయనా నవ్వాడు. వెళ్ళలేదు. వెళ్తే రెండో రోజుకే తను అక్కడ మధ్యవర్తిలా కూర్చుంటాడని ఆయనకి తెలుసు.

మరుసటి ఏడాది రిటైరయ్యాడు. ఆఫీసువాళ్ళు దండ వేసి, ఆయన వింటూ ఉండగా ఆయన గురించి మాట్లాడారు. చివర్లో రెండు మాటలు మాట్లాడమంటే లేచి నిలబడి, "మీరంతా బాగా చెప్పారు" అని కూర్చున్నాడు.

ఇంట్లో మొదటి వారం గోడలకి సున్నం వేయించాడు. రెండో వారం అలమరలు సర్దాడు. మూడో వారం ఒక సాయంత్రం కుర్చీలో కూర్చుని ఉండగా, తను పొద్దుటి నుంచి నోరు విప్పి ఒక్క మాటా అనలేదని గుర్తొచ్చింది. గొంతు సరిచేసుకుని, "సరే" అన్నాడు. గదిలో ఆ మాట మరీ పెద్దగా వినిపించింది. కోటు వేసుకుని బయటికి వచ్చాడు.

కాళ్ళు పాత బజారు వైపే నడిచాయి. ఇప్పుడు నియమం లేదు. ముందు వెనక సందులోకి వెళ్ళాడు. బేకరీ ఆవిడ కిటికీ చీకటిగా ఉంది. పడుకుని ఉంటుంది. పక్క గదిలో చిన్న దీపం. గోడ దగ్గర నిలబడి విన్నాడు. ఏమీ లేదు. గోడ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉందంతే. తలుపు తట్టడానికి మనసు రాలేదు. పెద్దావిడకి వినిపించదు, వినిపించే మనిషేమో నిద్రలో ఉంది. ఆ నిద్ర కోసమే కదా ఇంతా చేసింది.

తిరిగి వీధి వైపు వచ్చాడు. పబ్బు అద్దం వెనక డ్రమ్ముల కుర్రాడి చేతులు ఆడుతున్నాయి, జనం తలలూపుతున్నారు, ఎవరో చప్పట్లు కొడుతున్నారు. బయటికి ఇసుమంత చప్పుడు లేదు. తను చెప్పి పెట్టించిన అద్దం, తను చెప్పి పెట్టించిన రెండు తలుపులు. పని ఎంత బాగా జరిగిందంటే, వీధిలో నిలబడ్డవాడికి లోపల జరిగేదానితో ఏ సంబంధమూ మిగల్లేదు.

మొదటి తలుపు తోసి వసారాలోకి వెళ్ళాడు. అక్కడికి వచ్చాక రెండో తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. వెనక తలుపు సగం తెరిచే ఉంది. లోపలి నుంచి ఒక అమ్మాయి, చేతిలో ట్రే, తలుపు సందులోంచి చూసింది.

"అంకుల్, అది మూసి ఇది తెరవాలి. రెండూ ఒకేసారి తెరవకూడదు. మునిసిపాలిటీవాళ్ళ రూలు."

"అలాగేనమ్మా" అని వెనక తలుపు మూసి లోపలికి వెళ్ళాడు.

యజమాని లేడు, నడుం నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. పాడే అమ్మాయి కూడా కొత్తమ్మాయి. ఆయన మూల బల్ల దగ్గర కూర్చుని సోడా చెప్పాడు. కాసేపటికి ఒక కుర్రాడు వచ్చి ఎదురు కుర్చీ మీద చెయ్యి వేసి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగాడు. ఎవరూ లేరన్నాడు, కూర్చుంటాడేమోనని సోడా గ్లాసు ఇటు జరుపుకుంటూ. ఆ కుర్రాడు థాంక్సండీ అని కుర్చీ ఎత్తుకుని స్నేహితుల బల్ల దగ్గరికి పట్టుకెళ్ళాడు.

పాట మొదలైంది. చాలా ఏళ్ళుగా ఆయన పాటల్ని ఫిర్యాదు కోసమే విన్నాడు, ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ గోడ దాటుతోంది అని. ఇప్పుడు చూసిపెట్టవలసిందేమీ లేకపోయేసరికి మొదట ఏమీ తోచలేదు. తర్వాత పాట పాటలాగే వచ్చింది. ఊరు వదిలి వెళ్ళినవాడెవడో, వెనక్కి చూడకపోవడం గురించో ఏదో. మాటలు అన్నీ పట్టుకోలేదు. అయ్యాక అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత గురువారాలు వెళ్ళడం అలవాటైంది. యజమాని ఉన్న రోజున వచ్చి భుజం తట్టి, బేకరీ బన్ను ఒకటి పెట్టించి, పని మీద వెళ్ళిపోయేవాడు. ట్రే పట్టుకునే అమ్మాయి చెప్పకుండానే సోడా తెచ్చేది. ఆయన పేరు అడగలేదు, ఆయనా చెప్పలేదు. రెండో భాగంలో ఊపున్న పాటలు మొదలయ్యాక జనం లేచి స్టేజి ముందు ఆడేవాళ్ళు. లేచేముందు ఎవరో ఒకరు ఆయన దగ్గరికి వచ్చి, "అంకుల్, కాస్త ఈ కోటు చూస్తారా?" అనేవాళ్ళు. ఒకరిని చూసి ఇంకొకరు. చలి ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ మూల బల్ల దగ్గర ఆయన పక్కన కోట్లు పోగుపడేవి. ఆయన వాటి మీద ఒక చెయ్యి వేసుకుని, మళ్ళీ వాళ్ళు వచ్చేదాకా కూర్చునేవాడు.